35 మి.మీ. అల్ట్రాన్, సోనీ కెమెరా, ముందు ఒక సన్నని గాజు: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

ఫోక్ట్‌లాండర్ అల్ట్రాన్ 35 మి.మీ. ఎఫ్/1.7 లెన్స్‌ను లైకా ఎం మౌంట్‌లో (లెన్స్‌ను కెమెరాకు బిగించే అమరికను మౌంట్ అంటారు) కొని, అడాప్టర్‌తో సోనీ ఏ7 మూడో తరం కెమెరాకు తగిలించి కొన్నేళ్లుగా వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ముందు ఏ గాజూ లేకుండా ఈ జోడీ వ్యక్తుల చిత్రాలకూ వీధి చిత్రాలకూ మాత్రమే పనికొస్తుంది. ముందు భాగాన 5 మీటర్ల నాభ్యంతరం ఉన్న సమతల కుంభాకార కటకాన్ని ఫిల్టర్‌లా బిగిస్తే కొండలు, గుడి గోడలు, పెళ్లి గ్రూప్ ఫొటోలు అన్నిటికీ పనికొస్తుంది. ఆ గాజు ధర లెన్స్ ధరలో చిన్న భాగమే.

గాజు లేనప్పుడు ఏమవుతుందంటే, దూరపు కొండ మీద మధ్యలో ఫోకస్ చేసి ఎఫ్/2.8 దగ్గర (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది) తీస్తే నడుమ ప్రతి రాయీ చెక్కినట్టు పడుతుంది. ఎడమ, కుడి అంచులకు వెళ్లేకొద్దీ చెట్ల ఆకులు సాగిపోయి, తడి కాగితం మీద సిరాలా కనిపిస్తాయి. ఎఫ్/5.6 దగ్గర కొంత తగ్గుతుంది. ఎఫ్/11 దాకా వెళ్లినా మూలల్లో ఆ మసక పూర్తిగా పోదు. ఇదే లెన్స్‌ను ఫిల్ము కెమెరా మీద వాడినవారికి ఈ మసక అసలు పరిచయమే ఉండదు. లెన్స్‌లో లోపం లేదు, కెమెరాలోనూ లేదు. ఈ రెండూ ఒకదాని కోసం ఒకటి తయారైనవి కావు, అంతే.

లైకా ఎం మౌంట్ 1954లో ఎం3 కెమెరాతో వచ్చింది. ఎం3 లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలో, అంటే లెన్స్ గుండా కాక పక్కనున్న కిటికీలోంచి చూసి ఫోకస్ చేసేదానిలో, పైకి లేచే అద్దం ఉండదు కాబట్టి వైడ్ లెన్స్‌ల వెనుక గాజును ఫిల్ముకు బాగా దగ్గరగా తీసుకురాగలిగారు. దానివల్ల లెన్స్ చిన్నదవుతుంది, గీతలు వంగవు. అయితే కాంతి అంచులకు చాలా వాలుగా చేరుతుంది. ఫిల్ము ముందు గాజు ఉండదు కనుక ఆ వాలుతో పేచీ లేదు. డిజిటల్ సెన్సర్ ముందు మాత్రం పరారుణ కిరణాలను ఆపే ఫిల్టర్, రక్షణ గాజు కలిసి ఒక పలకలా ఉంటాయి. వాలుగా వచ్చిన కాంతి ఆ పలకలో ఎక్కువ దూరం ప్రయాణించి, ఫోకస్ అయ్యే చోటును సెన్సర్ వెనక్కి నెడుతుంది. నడుమ తక్కువగా, అంచుల్లో ఎక్కువగా నెడుతుంది. ఫోకస్ తలం వంగడమంటే ఇదే.

గాజు మందం లెక్కలు చూస్తే విషయం తేటపడుతుంది. లైకా 2006లో తెచ్చిన ఎం8లో ఈ గాజు 0.5 మి.మీ. మాత్రమే. అంత పలచనైతే పరారుణ కిరణాలు సరిగా ఆగక నల్లని సింథటిక్ బట్టలు ఊదా రంగులో పడేవి. 2009 నాటి ఎం9కు వచ్చేసరికి 0.8 మి.మీ. చేశారు. సోనీ ఏ7 వరుసలో ఇది సుమారు 2 మి.మీ. అంటే ఎం9తో పోలిస్తే ఎం లెన్స్ ఎదుర్కొనే అదనపు గాజు 1.2 మి.మీ. కాంతి 35 డిగ్రీల వాలుతో చేరుతోందనుకుని లెక్క వేసి చూశాను. ఆ అదనపు గాజు వల్ల అంచు ఫోకస్ ఒక దిశలోని గీతలకు 0.09 మి.మీ., దానికి అడ్డంగా ఉన్న గీతలకు 0.24 మి.మీ. వెనక్కి జరుగుతుంది. ఎఫ్/2 దగ్గర సెన్సర్ వైపు మనకున్న వెసులుబాటు అటూ ఇటూ 0.06 మి.మీ. మాత్రమే. ఎఫ్/8 దగ్గర అది 0.24కు పెరుగుతుంది. ఎఫ్/8 దాటితే గానీ ఊపిరి ఆడదని అందరూ ఎందుకంటారో ఈ అంకెల్లో ఉంది.

రెండు దిశలకూ రెండు వేర్వేరు అంకెలు రావడం గమనించండి. ఇది వంపు ఒక్కటే కాదు, దాంతోపాటు ఆస్టిగ్మాటిజం కూడా. ఫోకస్ రింగును ఎంత తిప్పినా అంచులోని ఆకు పూర్తిగా తేరుకోదు, నిలువు గీత తేరితే అడ్డగీత చెదురుతుంది. ఏ మందైనా వంపును సరిచేయగలదు గానీ ఈ రెండోదాన్ని పూర్తిగా సరిచేయలేదు. ఆశ అంతవరకే పెట్టుకోవాలి.

గాజు కొనే ముందు మీ లెన్స్ ఫోకస్ ఏ ఆకారంలో ఉందో కళ్లారా చూడమని గట్టిగా చెబుతాను. ఇటుక గోడను తీస్తే అంచులు చెడ్డాయని తెలుస్తుందే గానీ ఎటు వంగాయో తెలియదు. వరి కోసిన చేను దీనికి చాలా మంచిది. గట్టు మీద నిలబడి, కెమెరాను కొద్దిగా కిందికి వంచి, ఎఫ్/1.7 దగ్గర నడుమ ఉన్న కొయ్యకాళ్ల మీద ఫోకస్ చేయండి. కెమెరాలో ఫోకస్ పీకింగ్ వేసుకుంటే, ఫోకస్‌లో ఉన్న కొయ్యకాళ్లన్నీ రంగు పట్టీలా మెరుస్తాయి. వంపు లేకపోతే ఆ పట్టీ చేనుకు అడ్డంగా తిన్నగా ఉంటుంది. నా సోనీ మీద అది గుమ్మానికి కట్టిన మామిడి తోరణంలా నడుమ కిందికి వాలి, రెండు కొసలూ పైకి లేచి కనిపించింది. అంటే అంచుల్లో ఫోకస్ కెమెరాకు దూరంగా వెళ్తోంది. దూరపు కొండ మీద నడుమ ఫోకస్ చేస్తే అంచుల ఫోకస్ అనంతాన్ని కూడా దాటిపోతుంది, అక్కడ ఫోకస్ కావడానికి ఏమీ ఉండదు.

ఈ ఆకారం తెలిస్తే గాజు లేకుండానే కొంత పని జరుగుతుంది. ప్రకృతి దృశ్యాల్లో నడుమ ఫోకస్ చేయడం మానేసి, నడుమకూ అంచుకూ మధ్య, అంచుకు కాస్త దగ్గరగా ఉన్న చోటును పెద్దది చేసి చూసి ఫోకస్ చేయాలి. అలా చేస్తే రింగు అనంతం కంటే కొద్దిగా ఇవతల ఆగుతుంది. ఎఫ్/8 దగ్గర నడుమ ఆ లోటును తట్టుకుంటుంది, అంచులు బాగుపడతాయి. గ్రూప్ ఫొటోల్లో మాత్రం ఇది తలకిందులు. మామూలుగా వరుస చివరివారిని కాస్త ముందుకు రమ్మంటాం కదా, ఈ జోడీతో చివరివారు ఒక అడుగు వెనక్కి ఉండాలి. పెళ్లిలో పెద్దవాళ్లను అలా జరపడం తేలిక కాదు, కుర్చీలనే ముందుగా అలా వేయించుకుంటే మాట పెరగదు.

ఇక ముందు గాజు సంగతి. ఒక వైపు చదునుగా, మరో వైపు అతి స్వల్పంగా ఉబ్బెత్తుగా ఉండే కటకం ఇది. ప్రయోగశాలలకు ఆప్టికల్ సామగ్రి అమ్మేవారి దగ్గర దొరుకుతుంది. 5 మీటర్ల నాభ్యంతరం అంటే కటక శక్తి 0.2 డయాప్టర్, చేతిలో పట్టుకుంటే మామూలు గాజుబిళ్లే అనిపిస్తుంది. 50 మి.మీ. వ్యాసం ఉన్నది తీసుకుని, పాత 52 మి.మీ. ఫిల్టర్‌లోని గాజు తీసి ఆ చట్రంలో కూర్చోబెట్టాను. అల్ట్రాన్ ఫిల్టర్ మర 46 మి.మీ. కాబట్టి నడుమ రెండు సైజుల మరలను కలిపే ఒక స్టెప్ రింగు కావాలి. రెండు వైపులా పెట్టి చూసి, ఉబ్బెత్తు వైపు లెన్స్‌కు ఎదురుగా ఉండేలా స్థిరం చేసుకున్నాను. సెన్సర్ గాజు అంచు ఫోకస్‌ను వెనక్కి నెడితే, ఈ కటకం దాన్ని ముందుకు లాగుతుంది. రెండూ దాదాపు చెల్లుకు చెల్లు.

మళ్లీ అదే చేనుకు వెళ్లి చూస్తే పట్టీ కొసల దగ్గర కొద్దిపాటి ఒంపు తప్ప తిన్నగా ఉంది. ఎఫ్/2.8 దగ్గరే ఫ్రేములో ఎక్కువ భాగం వాడుకోదగ్గ స్థితికి వచ్చింది, ఎఫ్/5.6 దగ్గర మూలలు కూడా. నేను పెద్ద ప్రింట్లు వేయించుకునే మనిషిని కాబట్టి ఈ తేడా నాకు చాలా పెద్దది. మూలల్లో ఆస్టిగ్మాటిజం ఆనవాలు మిగిలే ఉంది, ప్రింటులో దాన్ని వెతికి పట్టుకోవాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటిది, ఈ కటకం పెట్టగానే లెన్స్ అనంతాన్ని అందుకోలేదు. రింగు చివరిదాకా తిప్పినా 5 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అనంతం కావాలంటే లెన్స్ సెన్సర్‌కు మరో పావు మి.మీ. దగ్గరకు జరగాలి. 35ను 35తో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది 0.245. మౌంట్ నుంచి సెన్సర్ (లేదా ఫిల్ము) దాకా ఉండే దూరం ఎం మౌంట్‌లో 27.8 మి.మీ., సోనీ ‘E’ మౌంట్‌లో 18 మి.మీ., కాబట్టి అడాప్టర్ మందం కచ్చితంగా 9.8 మి.మీ. ఉంటే మనకు చాలదు. అనేక అడాప్టర్లను కావాలనే కాస్త పలచగా చేస్తారు, అలాంటిది చూసి తీసుకోవాలి. లేకపోతే లోపల పలచని రేకు షిమ్‌లు ఉన్న రకాన్ని కొని ఒకటి రెండు తీసేయవచ్చు. లెన్స్ మీది దూరం అంకెలు ఇక నిజం చెప్పవు. తెర మీద చూసి ఫోకస్ చేసేవారికి వాటితో పనిలేదు.

రెండోది రాత్రి దీపాలు. సెన్సర్ మీద పడిన కాంతి ఈ చదును గాజుకు తగిలి తిరిగొచ్చి, వీధి దీపానికి ఎదురు మూలలో ఆకుపచ్చ చుక్కలా కనిపిస్తుంది. ప్రతిబింబాలను తగ్గించే పూత ఉన్న కటకం తీసుకుంటే తగ్గుతుంది గానీ పోదు. దీపావళి రాత్రి, జాతర బల్బుల మధ్య నేను గాజు తీసేస్తాను. చీకట్లో అంచులు ఎలాగూ నల్లగానే ఉంటాయి.

ఒక హెచ్చరిక. అంచులు రెండు వైపులా సమానంగా చెడితేనే ఈ వైద్యం. ఒక వైపే చెడితే అది అడాప్టర్ వాలు. నేను మొదట వాడిన చౌక అడాప్టర్‌తో కుడివైపు ఎప్పుడూ ఎక్కువ మసక. అడాప్టర్ మార్చగానే రెండు వైపులూ సమానమయ్యాయి, అప్పుడే అసలు వంపు ఎంతో తెలిసింది. ఈ పరీక్ష చేయకుండా ముందు గాజు మీద డబ్బు పెట్టవద్దు.

అంచుల్లో ఊదా రంగు కమ్ముకోవడం వేరే సమస్య, దీన్ని ఈ మసకతో కలపకండి. 2015లో వచ్చిన ఏ7ఆర్ రెండో తరం నుంచి బ్యాక్ ఇల్యూమినేటెడ్ సెన్సర్లు (లోపలి తీగలు కాంతికి అడ్డం రాకుండా వెనుక వైపున ఉండేవి) ఆ రంగును బాగా తగ్గించాయి. మిగిలింది సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు. మసకను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు, ఎందుకంటే ఆ వివరం సెన్సర్‌కు చేరనే లేదు.

మిగతా లెన్స్‌ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 50 మి.మీ., అంతకు పైన ఉన్నవాటికి ఏ గాజూ అక్కరలేదు, కాంతి వాలు తక్కువ. కలర్ స్కోపార్ 21 మి.మీ. ఎఫ్/4 వంటి చిన్న వైడ్ లెన్స్‌లతో ముందు గాజు పెట్టినా తృప్తి కలగలేదు, ఆస్టిగ్మాటిజం ముందు వంపు చిన్నదైపోతుంది. అంత వైడ్ కావాలనుకుంటే సోనీ మౌంట్‌కే చేసిన లెన్స్ కొనండి. ఫోక్ట్‌లాండర్ కూడా 15 మి.మీ. హీలియార్ మూడో రూపాన్ని డిజిటల్ సెన్సర్లను దృష్టిలో పెట్టుకుని తిరిగి రూపొందించింది.

కెమెరానే మార్చగలవారికి మరో దారి ఉంది. మిత్రుడి నికాన్ జెడ్6 మీద ఇదే అల్ట్రాన్‌ను వాడి చూశాను. దాని సెన్సర్ గాజు సుమారు 1.1 మి.మీ. మాత్రమే. ముందు ఏమీ పెట్టకుండానే, నా సోనీ మీద గాజు పెట్టాక వచ్చినదానికి దగ్గరగా వచ్చింది. సెన్సర్ మీది గాజును తీసి పలచనిది అమర్చే కోలారి విజన్ వంటి సంస్థలు అమెరికాలో ఉన్నాయి. అది సమర్థమైన మార్గమే. కానీ ఆ తర్వాత కెమెరా సొంత లెన్స్‌లకు, ముఖ్యంగా వైడ్ లెన్స్‌లకు, వంపు ఎదురు దిశలో మొదలవుతుంది. ఒక కెమెరాను పూర్తిగా ఎం లెన్స్‌లకే అంకితం చేసేవారికే అది తగింది. నాలా ఒకే కెమెరాతో అన్ని పనులూ చేసేవారికి మరతో తిప్పి తీసేయగల గాజే మేలు. 35 మి.మీ. అల్ట్రాన్ ఇప్పటికే చేతిలో ఉంటే, లోపల షిమ్‌లు ఉన్న అడాప్టర్, పూత ఉన్న 5 మీటర్ల కటకం తీసుకోండి. ఇంకా ఏదీ కొననివారైతే ముందు జెడ్6 వంటి కెమెరా మీద ఆ లెన్స్ పెట్టి చూశాకే సోనీ వైపు వెళ్లండి.