కొల్లేరా, పాపికొండలా? పిల్లల ట్రిప్‌కి ఏది?

డిసెంబరు వస్తే స్టాఫ్‌రూమ్‌లో ఇదే గొడవ. పిల్లలేమో "పడవ, సార్!" అంటారు. నా ఓటు కొల్లేరుకే.

ఖర్చు: కొల్లేరుకి బస్సు, పులిహోర పొట్లాలు, ఆటపాక పక్షుల కేంద్రంలో టికెట్లు. పాపికొండలకి వీటిమీద లాంచీ చార్జీ.

శ్రమ: కొల్లేరు ఒక పూటలో తేలుతుంది. గోదావరికి తెల్లారకముందే లేవాలి.

చదువు: ఇక్కడ కొల్లేరుకి సాటి లేదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తాయి, సముద్రానికి మోసుకెళ్లేది ఉప్పుటేరు. ఎండాకాలం అదే దారిన ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది. తెల్ల పళ్లేనికి బరువు, తాడు కట్టి నీళ్లలోకి దించండి. అది ఎంత లోతున కనబడకుండా పోయిందో చూస్తే నీటి మసక తెలిసిపోతుంది. పీహెచ్ కాగితం సరేసరి. తర్వాత చేపల చెరువు గట్టు చూపించి, 2002లో రామ్‌సర్ గుర్తింపు (చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన సరస్సులో 2006లో గట్లు ఎందుకు పగలగొట్టారో అడగండి. వాదన ఆగదు, ముఖ్యంగా క్లాసులో చెరువులున్న ఇంటి పిల్లలుంటే.

పాపికొండల్లో కొండల మధ్య ఇరుకయ్యే నది, పోలవరం ముంపు కబుర్లు. నీళ్లు పరీక్షించే తీరిక ఉండదు.

రిస్కు: కొల్లేరులో బురద, జారుడు గట్లు. గోదావరిలో 2019 సెప్టెంబరు 15న, వరదలో, కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి మరవొద్దు. లైఫ్ జాకెట్ బకిల్ ప్రతి పిల్లాడికీ మీరే లాగి చూడాలి.

ఏడు, ఎనిమిది తరగతులకి, ప్రాజెక్టు పని ఉన్నవాళ్లకి కొల్లేరు. పరీక్షల టెన్షన్‌కి ముందు పదో తరగతికి ఒక్కరోజు సరదా కావాలంటే, వరద తగ్గాక, పాపికొండలు.