కారు ఇంట్లో వదిలి పులికాట్‌కు

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి పులికాట్ సరస్సు అంటే శ్రీహరికోట దారిలో కారు అద్దంలోంచి రెండు వైపులా కనిపించే నీళ్లు. ఒకచోట బండి ఆపి ఫొటోలు తీసుకుంటారు, సూళ్లూరుపేటలో భోంచేస్తారు, చీకటి పడేలోపు ఇల్లు చేరతారు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సుకు ఇంతేనా మనం ఇచ్చే సమయం? అక్కడికి రైల్లో వెళ్లవచ్చు, నడవవచ్చు, సైకిలు తొక్కవచ్చు. అలా వెళ్లినవారికే సరస్సు నిండుగా దొరుకుతుంది. కానీ అలా వచ్చేవారిని ఆదరించే ఏర్పాట్లే అక్కడ తక్కువ. ఈ చలికాలం మా మేనత్తతో కలిసి ఆంధ్ర వైపూ తమిళనాడు వైపూ తిరిగాను. డెబ్బై దాటిన ఆమె నాయుడుపేట దగ్గర పుట్టి పెరంబూరులో కాపురం చేసిన మనిషి. ఈ సరస్సును ఇప్పటికీ ప్రళయకావేరి అనే అంటుంది. ఆమె వెంట ఉండటం వల్ల నీడ ఎక్కడుంది, కూర్చునే బల్ల ఎక్కడుంది, మరుగుదొడ్డి ఎక్కడుంది అన్నవి కూడా నా లెక్కలోకి వచ్చాయి.

ముందుగా రైలు గురించి చెప్పాలి, ఎందుకంటే మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే బాగున్నది అదే. సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్సు నుంచి బయలుదేరే సబర్బన్ రైళ్లలో ఎక్కువ భాగం గుమ్మిడిపూండితో ఆగిపోతాయి, కొన్ని మాత్రం సూళ్లూరుపేట దాకా వెళతాయి. మేము బేసిన్ బ్రిడ్జిలో మారి ఎక్కాం. ఎన్నూరు, అత్తిపట్టు దగ్గర విద్యుత్కేంద్రాల పొగగొట్టాలు, మీంజూరు దాటాక వరిపొలాలు, ఆరంబాక్కం తర్వాత తడ. టికెట్టు ధర ఒక కాఫీ ధరకు మించదు. ఎనభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రక్షిత ప్రాంతానికి మహానగరం నుంచి నేరుగా లోకల్ రైలు ఉండటం చిన్న విషయం కాదు. అయినా సూళ్లూరుపేట స్టేషన్లో దిగినవారికి సరస్సు ఎటు, పక్షుల కేంద్రం ఎటు, బస్సు ఎప్పుడు అని చెప్పే పటం ఒక్కటీ నాకు కనబడలేదు.

నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాలంటే సూళ్లూరుపేటలో దిగక్కర్లేదు. నెల్లూరు వైపు వెళ్లే మెము రైలు దొరవరిసత్రంలో ఆగుతుంది. అక్కడి నుంచి కేంద్రం నడిచి చేరగలిగినంత దూరమే. ఆ రైళ్లు తక్కువ కాబట్టి వేళలు ముందే చూసుకోవాలి. మేము నడిచాం. పొలాల మధ్య దారి చదునుగా ఉంది, ఎండ మొదలవకముందు హాయిగా ఉంది. మేనత్త దారిలో ఒక ఇంటి ముందు ఆగి మంచినీళ్లు అడిగితే, ఆ ఇల్లాలు చెంబుతో నీళ్లిచ్చి, "అమ్మా, ఈసారి గూడబాతులు తొందరగా దిగాయి, చెరువు నిండింది కదా" అంది. ఆ మాటలోనే ఆ ఊరి సంగతంతా ఉంది. నేలపట్టు ఒక సాగునీటి చెరువు. నీళ్లలో నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువు. పక్షులు వచ్చిన ఏడాది పంట బాగుంటుందని ఊరివారి నమ్మకం, ఆ నమ్మకం వెనుక ఈ లెక్క ఉంది. 1976లో ప్రభుత్వం దీన్ని రక్షిత కేంద్రంగా ప్రకటించింది, కానీ కాపలా అంతకుముందే ఊరిది.

చెరువు కట్ట మీద నడక ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. గూళ్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే బైనాక్యులర్ లేకపోయినా తల్లి గొంతులోకి పిల్ల మూతి దూర్చి తిండి లాక్కోవడం కనిపిస్తుంది. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు అన్నీ ఒకే చెట్టును పంచుకుంటాయి. నిశ్శబ్దంగా ఉండేవారికి ఈ చోటు గొప్ప బహుమతి. దురదృష్టం ఏమిటంటే మేము వెళ్లిన రోజు ఒక బస్సు నిండా వచ్చిన పిల్లలను గట్టిగా అరవవద్దని చెప్పేవారు ఎవరూ లేరు. ఆ పిల్లల తప్పు కాదు అది. గేటు దగ్గర ఊరి యువకుడో యువతో ఒకరు నిలబడి, పది నిమిషాలు మాట్లాడి, వెంట నడిస్తే ఆ పిల్లలే మంచి పరిశీలకులవుతారు. మార్గదర్శకులుగా ఊరివారికి శిక్షణ, దానికి తగిన రుసుము, అదే అక్కడ అన్నిటికంటే ముందు కావాల్సింది. కట్ట మీద నీడ బాగుంది, కూర్చునే బల్లలు ఇంకా కావాలి. మరుగుదొడ్లు ఉన్నాయి గాని నీళ్లు లేవు. మేనత్త లాంటివారికి అది చిన్న సంగతి కాదు. ఇంకోసారి రమ్మంటే రాననడానికి అదొక్కటి చాలు.

ఇక సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు. సరస్సు మధ్యగా సాగే ఈ దారిలో రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, చేరువలో దొరుకుతాయి. అవి లోతు లేని నీటిలోనే మేస్తాయి. వంగిన ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి సన్నని జీవులను వడకట్టుకుంటాయి. ఆ తిండిలోని రంగే వాటి రెక్కలకు పట్టే గులాబి. నీటి లోతు కాస్త పెరిగినా, ఉప్పు మరీ పెరిగినా వాటి మేత మారుతుంది. అందుకే రాయదొరువు దగ్గర ఇసుక మేటలు వేసి, సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారం మూసుకుపోవడం మీద ఇక్కడి జాలర్లు అంతగా బాధపడతారు.

సైకిలు అద్దెకిచ్చే కొట్టు కోసం ఊరంతా అడిగాను. చివరికి ఒక మరమ్మతు దుకాణం పెద్దాయన తన సొంత సైకిలే ఇచ్చారు. డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోలేదు, టీ మాత్రం తాగారు. చదునైన రోడ్డు కాబట్టి తొక్కడం తేలికే, కానీ ఈశాన్యపు గాలి ఎదురైతే కాళ్లు నొప్పెడతాయి. సైకిలుకు విడిగా దారి లేదు. ఉదయం పనికి వెళ్లే పెద్ద బస్సులు పక్కనుంచి వేగంగా పోతాయి. ఆ వేళ దాటాక బయలుదేరడం మంచిది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కారు కంటే కాలినడకన వచ్చే మనిషిని చూసే పక్షి ఎక్కువ బెదురుతుంది. నెమ్మదిగా పోయే బండిని అవి అంతగా పట్టించుకోవు, దిగి నీళ్ల వైపు నడిచే ఆకారాన్ని మాత్రం వెంటనే గుర్తుపట్టి లేస్తాయి. సైకిలు మీద వెళ్లేవారు రోడ్డు దిగకూడదు, చేతులు ఊపకూడదు, గుంపుగా నిలబడకూడదు. దారి పొడవునా కొన్నిచోట్ల వెదురు తడికలతో చాటు కట్టి, మధ్యలో చూడటానికి రంధ్రాలు పెడితే ఈ సమస్య తీరిపోతుంది. అటకానితిప్ప దగ్గర పర్యావరణ విజ్ఞాన కేంద్రం ఉంది. సైకిళ్లు అద్దెకివ్వడం, తడికల చాటు చూసుకోవడం, నీళ్లు, తిండి, ఈ పనులన్నీ అక్కడి నుంచి జాలరి కుటుంబాల మహిళల చేత నడిపించవచ్చు. ఇప్పుడు ఆ దారిలో యాత్రికుడి డబ్బు పెట్రోలు బంకుకు, పట్నంలో హోటలుకు తప్ప సరస్సు ఒడ్డున బతికేవారికి చేరడం లేదు.

రాత్రి బస సూళ్లూరుపేటలోనే. మేమున్న లాడ్జి శుభ్రంగానే ఉంది, కానీ ఉదయం ఐదింటికి బయటికి వెళ్లాలంటే తలుపు తీసేవారు లేరు, ఆరు దాటేదాకా టీ లేదు. పక్షులు చూడటానికి వచ్చేవారి రోజు తెల్లవారుజామునే మొదలవుతుందని అక్కడ ఎవరికీ తోచలేదు. కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మేనత్త చీకటిలోనే దర్శనం చేసుకుని వచ్చింది. భోజనాల్లో రొయ్యల వేపుడు, చేపల పులుసు చాలా బాగున్నాయి.

తమిళనాడు వైపు పళవేర్కాడుకు, అంటే పులికాట్ ఊరికి, పొన్నేరిలో దిగి బస్సెక్కాలి. బస్సులు ఉన్నాయి, దిగిన చోటు నుంచి ఊరంతా నడిచి చూడవచ్చు. డచ్చివారు 1613లో కట్టిన గెల్డ్రియా కోట ఆనవాళ్లు, ద్వారం మీద అస్థిపంజరాలు చెక్కిన వారి శ్మశానం, తాటాకు బుట్టలల్లే మహిళలు, ఎండ్రకాయలు అమ్మే రేవు. నడిచేవారికి ఆంధ్ర వైపు కంటే ఇది అనువైన ఊరు. కానీ రాత్రి ఉండటానికి మాకు తగిన చోటు దొరకలేదు.

పడవ సంగతి వేరు. 2011 డిసెంబరు 25న ఇక్కడ పరిమితికి మించి ఎక్కించుకున్న పడవ మునిగి 22 మంది చనిపోయారు. రేవులో ఎవరైనా చాటుగా పిలిచి తీసుకెళతామన్నా ఎక్కవద్దు. ఆ ఇళ్ల ఏడుపు గుర్తుంటే ఎవరూ ఎక్కలేరు. అయితే ఈ జాలర్లకు ఒక పాత పద్ధతి ఉంది, పాడు అంటారు. సరస్సులో మంచి వేట దొరికే చోట్లను కుటుంబాలు వంతుల ప్రకారం వాడుకుంటాయి, ఎవరి వంతు రోజు వారిదే. అనుమతి ఉన్న కొన్ని పడవలు, ఒక్కోదానికి ఖచ్చితమైన మనుషుల సంఖ్య, అందరికీ లైఫ్ జాకెట్లు, రేవులో పోటీ లేకుండా పాడు లాగే వంతులు, ఇలా చేస్తే పిలిచి లాక్కోవడం ఆగుతుంది, పక్షుల మీదికి పడవ పోనివ్వకుండా కాపాడేది కూడా ఆ కుటుంబాలే అవుతాయి. బయటి నుంచి నియమాలు తెచ్చి రుద్దే కంటే ఇది నిలుస్తుందని నా గట్టి నమ్మకం.

సూళ్లూరుపేటలో జనవరిలో ఫ్లెమింగో పండుగ జరుగుతుంది. కొన్నేళ్ల విరామం తర్వాత 2025లో మళ్లీ జరిపారు. పిల్లలకు పక్షుల మీద ఆసక్తి పుట్టించే ఉత్సవం కాబట్టి అది ఉండాల్సిందే. కానీ వేదిక, లైట్లు, మైకుల ఖర్చులో కొంత తీసి స్టేషన్ నుంచి సరస్సుకూ నేలపట్టుకూ చలికాలమంతా తిరిగే చిన్న బస్సు వేస్తే ఆ ఆసక్తి పండుగ దాటి కూడా బతుకుతుంది. ఆ బస్సు లేకపోవడం వల్లే ఆటోలవారు నోటికొచ్చిన ధర చెబుతున్నారు, అందుకే జనం కార్లే తెస్తున్నారు.

వెళ్లదలచినవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. తర్వాత నీరు తగ్గి బురద మేటలు తేలుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని నేలపట్టుకు తీసుకెళ్లవచ్చు, శ్రీహరికోట రోడ్డు ఎండలోకి మాత్రం తీసుకెళ్లవద్దు. రెండూ ఒక్క రోజులో చుట్టేయాలని చూడకండి. తాగునీళ్లు, టోపీ వెంట ఉంచుకోండి. తిరుగు రైలు వేళ స్టేషన్లో దిగగానే అడిగి తెలుసుకోండి, సాయంత్రం ఒకటి తప్పితే తర్వాతి రైలుకు చాలాసేపు కూర్చోవాలి.