బోటుకి పాత మోటారు కొనబోయేవాళ్ళు ముందు ఇది చదవండి

ఇప్పుడే ఆ కొట్టు నుంచి ఇంటికొచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. రేపటికి కోపం చల్లారితే రాయడం మానేస్తానేమో, ఇంకొకడు వెళ్ళి అక్కడే డబ్బు పోసొస్తాడు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ఆయన పేరు రాయను. పాత అవుట్‌బోర్డ్ మోటార్లు, అంటే బోటు వెనక పలకకి బయట బిగించేవి, అమ్మే ఆయనే. మన జాలరిపేట వాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. నేను కూడా ఇద్దరు ముగ్గురు చెప్పిన మాట మీదే వెళ్ళాను, తెలియని మనిషి కాదు కదా అన్న ధైర్యంతో.

మాది 28 అడుగుల ఫైబర్ బోటు. బోటు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, మంచి చేతిపని. మన ఒడ్డున కెరటం ఎలా విరుగుతుందో మీకు తెలుసు. వెనక నుంచి నీళ్ళు ఎక్కకూడదని మోటారు బిగించే వెనక పలకని ఎత్తుగా, 20 అంగుళాలు చేయించుకున్నాం. ఇన్నాళ్ళూ దాని మీద పొడుగు కడ్డీ డీజిల్ ఇంజిన్ నడిపాం. అది పాతబడిపోయింది. ఆ అదురుకి నాన్న చేతులు తిమ్మిర్లెక్కి రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. ఈసారి అవుట్‌బోర్డ్ తీసుకుందామని పట్టుబట్టింది నేనే. 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ (పెట్రోలులో ఆయిల్ కలిపి నడిపేది) అయితే ఇద్దరం ఎత్తుకుని ఇంటికి తెచ్చేసుకోవచ్చు, నాన్న చేతులకి సుఖం, ఇదీ నా లెక్క. నాన్న మాత్రం డీజిలే నయమన్నాడు. ఖర్చు తక్కువ, ఏ మెకానిక్కయినా చేస్తాడు, లోతు చాలని చోట కడ్డీ పైకెత్తేయొచ్చు, బోటుకి నెంబరుంది కాబట్టి డీజిల్ మీద రాయితీ కూడా వస్తుంది అన్నాడు. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే. నేనే వినలేదు.

వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది, 15 తెల్లవారుజామునే దిగాలి. చివరి వారంలో హడావిడిగా వెళ్ళాం. ధర 1,15,000 చెప్పాడు. రెండేళ్ళ మోటారు, ఒకే చేతిలో నడిచింది, గీత కూడా పడలేదు అన్నాడు. నా భార్య గొలుసు కుదువ పెట్టాం, నిషేధం భృతి 20 వేలు అందులో పోశాం, మిగతాది బాబాయి సర్దాడు.

ఇప్పుడు అసలు విషయం.

మా నాన్న చదువుకోలేదు. కానీ కొట్టుకి వెళ్ళేముందు బోటు దగ్గరికెళ్ళి, వల దారం ముక్క తీసుకుని, వెనక పలక పై అంచు నుంచి బోటు అడుగు దాకా పట్టి సరిగ్గా అక్కడ ముడి వేశాడు. ఆ నీలం దారం చొక్కా జేబులో పెట్టుకుని కొట్టుకి తెచ్చాడు. మోటారు చూడగానే ఆయన అడిగిన మొదటి మాట ధర కాదు. దారం తీసి చూపించి, "బాబూ, మా పలక ఇంత ఎత్తు. ఇది దీనికి సరిపోద్దా?" అన్నాడు.

ఆ మనిషి దారం తన చేతిలోకి తీసుకున్నాడు. ఒక కొస మోటారు బిగించే క్లాంపు దగ్గర పెట్టాడు. ముడి ఉన్న కొసని కిందికి జార్చి, నీళ్ళలో తిరిగి బోటుని నెట్టే ఫ్యాను కింద ఉండే తోక మీదికి లాగాడు. ముడి దాటాక కూడా తోక ఇంకా నాలుగైదు వేళ్ళు మిగిలింది. "చూడు తాతా, ముడి దాటి ఇంకా ఇనుముంది. ఫ్యాను నీళ్ళలోనే ఉంటది. పూచీ నాది" అన్నాడు. దారం చుట్టి నాన్న చేతిలో పెట్టాడు.

అన్నయ్యలూ, తమ్ముళ్ళూ, అది కొలత కాదు, మోసం. షాఫ్ట్ (మోటారు కాడ) పొడవంటే క్లాంపు నుంచి తోక చివరికి కాదు. ఫ్యానుకి సరిగ్గా పైన రెక్కలా అడ్డంగా ఒక పలక ఉంటుంది, అక్కడి వరకే కొలవాలి. ఆ రెక్క బోటు అడుగుకి సమంగా, లేదంటే ఒక అంగుళం కిందికి ఉండాలి. అవుట్‌బోర్డ్‌లలో పొట్టి షాఫ్ట్ 15 అంగుళాలు, పొడుగుది 20, ఇంకా పొడుగుది 25. మాకు కావలసింది 20. ఆయన మాకు అంటగట్టింది 15. రోజూ మోటార్లు అమ్మే మనిషికి ఇది తెలియదా? తెలుసు. తెలిసే దారాన్ని ఆ తోక మీదికి లాగాడు. తలచుకుంటే కడుపు మండిపోతోంది.

నిషేధంలో సముద్రంలోకి దింపి చూసుకునే వీల్లేదు. కొట్లోనే నీళ్ళ డ్రమ్ములో పెట్టి తాడు లాగాడు, రెండో లాగుకే అందుకుంది, పక్క కన్నం నుంచి నీటిధార చక్కగా వచ్చింది. డ్రమ్ములో నీళ్ళు నిండుగా ఉంటాయి, కదలవు. అందులో ఏ మోటారైనా బాగానే తిరుగుతుంది. ఇంత చిన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 14 సాయంత్రం ఇసుక మీద బోటుకి బిగించినప్పుడే నాకు తేడా కనిపించింది. రెక్క బోటు అడుగు కంటే బెత్తెడు పైన ఉంది. నాన్న వంగి చూసి, "ఇది ఎత్తుగా ఉందిరా" అన్నాడు. కొట్టు ఆయనకి ఫోన్ చేశాను. "లోడు పడితే దిగుద్ది, కంగారు పడకు" అన్నాడు. ఆ మాట పట్టుకుని నాన్నకి నేనే సర్దిచెప్పాను. బోటు ఎంత దిగినా పలకా, మోటారూ కలిసే దిగుతాయి కదా, వాటి మధ్య తేడా ఎలా పోతుంది? ఈ ప్రశ్న నేను ఆ సాయంత్రం అడగలేదు. అందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

15 తెల్లవారుజామున నాలుగింటికి దింపాం. నేను, నాన్న, మా చిన్న బావ. ఒడ్డు దగ్గర రెండు కెరటాలు దాటేశాం. మూడోదాని మీద బోటు ముక్కు లేచి, అటు దిగేటప్పుడు వెనక పైకొచ్చింది. అంతే, మోటారు కీచుమని అరిచింది. ఫ్యాను నీళ్ళు వదిలేసి గాలిలో తిరుగుతోంది. బోటులో పట్టు లేదు. అడ్డం తిరిగిపోయింది. పక్క నుంచి వచ్చిన కెరటం సగం బోటు నింపేసింది. నాన్న తెడ్డు వేసి ఎలా తిప్పాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన వయసు 62. ఆ రోజు ఆయన లేకపోతే ఈ పోస్టు రాసే మనిషి ఉండేవాడు కాడు.

ఎలాగో కెరటం అవతలికి వెళ్ళాం కానీ, ప్రతి అలకీ అదే అరుపు. అరగంట కాకముందే పక్క నీటిధార సన్నబడి ఆగిపోయింది. ఇంజిన్ని చల్లబరిచే నీళ్ళు పీల్చుకునే కన్నాలు కూడా ఆ కింద భాగంలోనే ఉంటాయి. అవి మాటిమాటికీ పైకి తేలుతుంటే నీళ్ళకి బదులు గాలే పీలుస్తుంది. ఆపేలోపే కాలిన వాసనొచ్చింది. మళ్ళీ తాడు లాగితే రాయిలా బిగుసుకుపోయింది. పక్కింటి మావయ్యల తెప్ప మమ్మల్ని చూసి, వాళ్ళ మొదటి రోజు వేట మానుకుని, తాడు వేసి లాక్కొచ్చింది. కెరటంలో కొట్టుకుపోయిన కానాగంతల వల మళ్ళీ దొరకలేదు.

మా పిన్ని కొడుకు సిఫ్‌నెట్‌లో (చేపల పడవల పని నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ) మెరైన్ ఫిట్టర్ కోర్సు చేశాడు. వాడొచ్చి మూత తీశాడు. నీళ్ళు లాగే పంపులో రబ్బరు రెక్కలు కాలి ముక్కలైపోయాయి, ఒక పిస్టన్ పట్టేసింది. తర్వాత కింద గేరు ఆయిల్ స్క్రూ విప్పాడు. పాలు పోసిన టీ రంగులో కారింది. సీలు పోయి ఉప్పునీళ్ళు ఎప్పుడో లోపలికి చేరిపోయాయన్నమాట, ఒక్క పూటలో అలా అవదన్నాడు. తుప్పు మీద కొత్త రంగు కొట్టిన చోట గోటితో గీకితే పెచ్చులూడి వచ్చింది. రెండేళ్ళ మోటారట! ఆ తర్వాత వాడు టేపు తీసి క్లాంపు నుంచి రెక్క దాకా పెట్టాడు. 15. నాన్న ఏమీ అనలేదు, జేబులోంచి దారం తీసి ఆ టేపు పక్కన పట్టి చూశాడు. ముడి రెక్క దాటి ఐదు అంగుళాలు కిందికి వేలాడుతోంది.

ఈరోజు ఆటోలో మోటారు వేసుకుని, గోనె చుట్టి, నేనూ నాన్నా వెళ్ళాం. గొడవ పెట్టుకోవాలని కాదు. మోటారు తీసుకో, కొంత పట్టుకుని మిగతా డబ్బు ఇవ్వు, లేదంటే పొడుగు షాఫ్ట్‌ది ఇవ్వు, తేడా మేం కట్టుకుంటాం అని అడగడానికి. కొట్లో ఆరేడుగురున్నారు. మా ముఖం చూడగానే "ఆయిల్ సరిగా కలపలేదు మీరు" అన్నాడు, మేం నోరు విప్పకముందే. 10 లీటర్ల పెట్రోలుకి 200 మిల్లీలీటర్లు, ఆయన చెప్పిన లెక్క ప్రకారమే నేనే కొలిచి కలిపాను. అదే చెప్పాను. "అయితే ఇసుకలో ఆన్ చేసుంటారు" అన్నాడు.

అప్పుడు నాన్న దారం తీశాడు. "నువ్వే కదా కొలిచావు బాబూ" అన్నాడు, అంతే.

ఆ మనిషి కుర్చీలోంచి లేవలేదు. అందరూ వినేలా, "నలభై ఏళ్ళు సముద్రం మీద బతికినోడివి, మోటారు పొట్టిదో పొడుగుదో నీకే తెలీకపోతే నాకేటి సంబంధం? తెలీనోడివి వల కుట్టుకుంటా ఇంటికాడ కూర్చో తాతా" అన్నాడు. ఇద్దరు నవ్వారు. వాళ్ళలో ఒకాయన మా నాన్నకి తెలిసిన మనిషే.

డబ్బు పోతే సంపాదించుకుంటాం. కానీ అడగాల్సిన ప్రశ్న అడిగింది మా నాన్న ఒక్కడే. కొలత పట్టుకొచ్చింది ఆయనే. సరిగ్గా ఆ కొలత మీదే అబద్ధం చెప్పి, ఆ అబద్ధాన్ని నమ్మినందుకు తిరిగి ఆయన్నే నలుగురిలో తెలివితక్కువవాడిని చేశాడు. నాన్న దారాన్ని రెండు వేళ్ళకి చుట్టుకుని జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. ఆటోలో ఒక్క మాట లేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. అంతకుముందు కొట్లో నేను నిలబడి ఏదో అన్నాను, ఏమన్నానో సరిగా గుర్తు లేదు. నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు కాబట్టి అక్కడితో ఆగింది.

బిల్లు ఉందా అని అడుగుతారు. చీటీ ఉంది. "మోటారు 1, పూర్తిగా ముట్టినది" అని రాసి సంతకం పెట్టాడు. మోటారు నెంబరు రాయలేదు. రాయమని నేను అడగలేదు, బుద్ధి లేక. ఫోన్‌పే చేసిన 40 వేలకి రుజువుంది, మిగతాది నోట్లు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి వివరాలిచ్చాను. పొట్టకూటి కోసం సొంతంగా వాడుకునే సరుకైతే వ్యాపారం కింద కొట్టేయరని, జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా ఉండదని తెలిసిన గుమాస్తా చెప్పాడు. వేస్తాను. ఇలాగే అదే చోట మోసపోయినవాళ్ళు ఉంటే నాకు రాయండి, కలిసి వెళ్దాం.

కొనబోయేవాళ్ళకి నాలుగు మాటలు. టేపు మీదే, చెయ్యి మీదే ఉండాలి, అమ్మేవాడి చేతికి ఇవ్వొద్దు. క్లాంపు నుంచి ఫ్యాను పైనున్న రెక్క దాకా కొలవండి, మీ పలక ఎత్తుతో పోల్చండి. గేరు ఆయిల్ స్క్రూ విప్పించి రంగు చూడండి, తెల్లగా ఉంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి. క్లాంపు దగ్గర రేకు మీద నెంబరుంటుంది, అది చీటీలో రాయించండి. సముద్రంలో నడిపి చూశాకే పూర్తి డబ్బని ముందే చెప్పండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. నిషేధం అయిపోతోందని కంగారు పడొద్దు, నాలుగు రోజులు ఆగితే పోయేదేమీ లేదు. కెరటం దాటి వెళ్ళే మనలాంటి వాళ్ళకి డీజిల్ పొడుగు కడ్డీ తీసిపారేసేది కాదు. ఇది నాన్న మాట, ఇప్పుడు నాది కూడా.

ఎవరికైనా కొలత దగ్గర అనుమానముంటే పెద్ద జాలరిపేటలో అడగండి, నేనే టేపు పట్టుకుని మీతో కొట్టుకి వస్తాను. రేపు మాత్రం ఉదయం దొరకను. బోటు ఒడ్డునే ఉంది. నాన్న బాబాయి తెప్ప మీద కలాసీగా వెళ్తానన్నాడు, మూడింటికి ఆయన్ని లేపి ఒడ్డు దాకా దింపి రావాలి.