జూలైలో గోవా వెళ్లొచ్చాక

"ఆఫ్ సీజన్ బావా, గదులు చవక" అని మా మరదలు ఊరిస్తే జూలైలో గోవా బయల్దేరాం. విశాఖలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా మడగావ్. క్యాసిల్ రాక్ దాటాక పాలు పొంగినట్టు దూద్‌సాగర్ జలపాతం కిటికీ ముందుకొచ్చింది. టికెట్ డబ్బులు అక్కడే వసూలైపోయాయి.

పాలోలెం బీచ్ దగ్గర గది నిజంగానే చవక. ఇంటావిడ పొద్దున్నే వేడి వేడి పావ్ తెచ్చిపెట్టేది. కానీ ఒడ్డున గుడిసెలు విప్పేశారు, ఎర్రజెండా పాతారు. మోకాళ్ల లోతు దిగితే చాలు, లైఫ్‌గార్డ్ విజిల్. ఇక వాన! నైరుతి మేఘాలు పడమటి కనుమలకు గుద్దుకుని అక్కడే కుమ్మరిస్తాయి కదా. గోవాలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు, మనకి వెయ్యి పైచిలుకు. ఉతికిన తువ్వాళ్లు నాలుగు రోజులూ ఆరనే లేదు. స్టేషన్ నుంచి గదికి టాక్సీవాడు అడిగింది ఇస్తే, మిగిల్చిన గది అద్దె కాస్తా అక్కడికే సరిపోయింది.

తాజా చేపా లేదు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా మర పడవల వేట నిషేధం. మన తీరంలో ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో అయిపోతుంది. అందుకే తిరిగొచ్చిన ఆదివారం ఫిషింగ్ హార్బర్‌కి పరిగెత్తాం. మా ఆవిడ వంజరం మొప్ప ఎత్తి చూసి, ఎర్రగా ఉందని ఒప్పుకున్నాకే బేరం మొదలెట్టింది.

అలాగని మనది గొప్పని కాదు. జూలైలో విశాఖ ఉక్కపోతకి చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూసి, మురీ మిక్చర్ తిని రావాలి తప్ప నీళ్లలో దిగకూడదు, కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. హెచ్చరిక బోర్డు ఎవరూ చదవరు. స్నానానికైతే రుషికొండ నయం, 900కె బస్సులో చవగ్గా వెళ్లొచ్చు. అదే బస్సులో భీమిలి దాకా పోతే డచ్చివాళ్ల సమాధులూ చూడొచ్చు.

అక్టోబర్‌లో మాత్రం మా ఊరికి టికెట్లు తీసేముందు వాతావరణ వార్తలు చూసుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పటి నుంచీ ఆ నెలంతా మాకు టెన్షనే. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రెండు తీరాలూ హాయి.

అందుకే మా ఆవిడ జనవరికి అదే గది అడుగుదామని పాలోలెం ఫోన్ చేసింది. ధర విని, "మళ్లీ చేస్తానండీ" అని పెట్టేసింది.