గాదెలో పోస్తారు, పాతరలో దాస్తారు

రెండూ తిండిగింజల కోసమే, కానీ గాదె కళ్లెదుట ఉంటుంది, పాతర నేలలో.

వెదురు తడికెను గుండ్రంగా అల్లి, పేడ, మట్టి మెత్తి, రాళ్లమీద నిలబెడితే గాదె. అడుగున చిన్న కంత, దానికో గుడ్డ ముక్క. గుడ్డ లాగితే ధాన్యం జరజరా చేటలోకి జారుతుంది. రోజువారీ వాడకానికి ఇదే హాయి. చిక్కల్లా కింద చేరే పందికొక్కుతోనే. చాటుగా మెక్కేవాణ్ణి ‘గాదె కింద పందికొక్కు’ అనడం ఊరికే పుట్టలేదు.

పాతర వేరు. నేలలో గొయ్యి తీసి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పేస్తారు. లోపల గింజలే ప్రాణవాయువును వాడేస్తాయి, పురుగు బతకదు. మనిషికీ ప్రమాదమే: తెరిచిన వెంటనే దిగకూడదు, గాలి ఆడనివ్వాలి. చెమ్మ తగిలిన పాతర జొన్నల ముక్కవాసన సంకటిలోనూ పోదు.

ఏడాదంతా తీసి వండుకోవడానికైతే నా ఓటు గాదెకే. మాటగా మాత్రం పాతరే గట్టిది. గాదె సామెతలో మిగిలింది, పాతర ఇప్పటికీ పత్రికల్లో ‘నిబంధనలకు పాతర’ అంటూ కనిపిస్తూనే ఉంది. తిండి దాచే గొయ్యి కాస్తా పూడ్చిపెట్టే గొయ్యి అయింది.