విజయవాడలో మహిళా ప్రో (ప్రొఫెషనల్ గోల్ఫర్) దగ్గర గోల్ఫ్ శిక్షణ ఎలా ఉందంటే

టోర్నమెంట్లు ఆడినవాళ్లు నేర్పితే తేడా మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. ఇక్కడ మేడమ్ ముందుగా డ్రైవర్, అంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్ (గోల్ఫ్ కర్ర), ముట్టనివ్వరు. మధ్యరకం పొడవుండే సెవెన్ ఐరన్ క్లబ్‌తో, నడుము ఎత్తు వరకే సగం స్వింగ్ (ఊపు). కుడిచేతి వాటం వాళ్లయితే, పట్టు మీదకి చూసినప్పుడు ఎడమచేతి కణుపులు రెండు కనపడాలి. ఒక్కటే కనపడితే బంతి కుడివైపుకి వంగే ప్రమాదం ఎక్కువ.

ఒక్క లోపం మాత్రం గట్టిగా చెప్పాలి. ప్రాక్టీసంతా మ్యాట్ మీదే. క్లబ్ బంతికి అంగుళం వెనక తగిలినా రబ్బరు మీద జారి బంతి బాగానే ఎగురుతుంది. అదే తప్పు గడ్డి మీద చేస్తే క్లబ్ మట్టిలో దిగబడుతుంది. బంతి వెనక నాలుగు వేళ్ల దూరంలో తువ్వాలు మడిచి పెట్టి, అది తగలకుండా కొట్టండి.

మగవాళ్ల పాత క్లబ్బులు కోయించి తేవద్దు. పొడవు తగ్గితే షాఫ్ట్ (క్లబ్ కాడ) ఇంకా గట్టిపడుతుంది. మన ఉక్కపోతకి గ్లవ్ తడిసి జారుతుంది, రెండు జతలు ఉంచుకోండి.

పుటింగ్‌కి, అంటే బంతిని దొర్లించి కప్పులో (గుంటలో) వేయడానికి, ఇచ్చే సమయం అద్భుతం. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫర్ అదితి అశోక్ నాలుగో స్థానం దాకా వెళ్లింది దూరం కొట్టి కాదు, పుటింగ్‌తోనే. 108 మిల్లీమీటర్ల కప్పులోకి మూడడుగుల నుంచి వరసగా పది వేయించాకే ఆరడుగులకి జరుపుతారు.