గ్రాండ్ టీటన్‌లో మూస్ ఫొటోలకు జూన్ మేలా, సెప్టెంబర్ మేలా?

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది పిల్లల వేసవి సెలవుల్లో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్తారు. దానికి దక్షిణాన దగ్గరలోనే ఉంది కాబట్టి గ్రాండ్ టీటన్ పార్కునీ కలుపుకుంటారు. కానీ జింక జాతిలో అన్నిటికన్నా పెద్దదైన మూస్‌ను ఫొటో తీయడమే ముఖ్యమైతే సెప్టెంబర్ చివరి దాకా ఆగమనే చెబుతాను.

జూన్‌ను తీసిపారేయలేం. కొండల మీద మంచు ఇంకా ఉంటుంది, పొద్దు త్వరగా వాలదు. అప్పుడే పుట్టిన ఎర్రటి దూడలు తల్లుల వెంట తిరుగుతుంటాయి. చిక్కల్లా ఆ తల్లులతోనే. దూడ పక్కనుంటే తల్లి మూస్ మనిషి మీదికి రావడానికి వెనకాడదు. ఇక మగవాటికి చలికాలంలో రాలిన కొమ్ములు అప్పటికి సగమే మొలిచి, మఖమలు గుడ్డ చుట్టినట్టు మెత్తటి చర్మంతో ఉంటాయి. పైగా ఎండ ఎక్కితే మూస్ తట్టుకోలేదు, నీడలోకో నీళ్లలోకో పోతుంది. తెల్లవారుజామునే లేవకపోతే దొరకడం కష్టం.

సెప్టెంబర్ చివరికి ఆ చర్మం ఊడి, కొమ్ములు నిండుగా బయటపడతాయి. అది ఎదకాలం, మగవి ఆడవాటిని వెతుక్కుంటూ గ్రోవాంట్ నది ఒడ్డుకూ, మూస్ విల్సన్ రోడ్డు పక్క కుంటల్లోకీ వస్తాయి. వెనక కాటన్‌వుడ్ ఆకులు పసుపు పచ్చగా మెరుస్తుంటాయి. ఆ పసుపు ముందు నల్లటి ఒళ్లు, మెడ కింద వేలాడే గంగడోలు ఎంత అందంగా ఉంటాయో! ఒక్క జాగ్రత్త. జంతువు ఫ్రేమంతా నిండితే కెమెరా నలుపును బూడిద రంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుతురు) కాస్త తగ్గించాలి.

డిసెంబర్‌లో యాంటిలోప్ ఫ్లాట్స్ మైదానంలో మంచు మీద గుంపుగా కనిపిస్తాయి. చలికి ఓర్చేవాళ్లకు అదీ మంచి కాలమే, కొమ్ములు రాలకముందే వెళ్లాలి.

కొలరాడోలోని డెన్వర్ వాళ్లు ఇంత దూరం రానక్కర్లేదు, రాకీ మౌంటెన్ పార్కు పడమటి వైపు కవునీచీ లోయ చాలు. కొలరాడోలోకి 1978లో మూస్‌లను తెచ్చి వదిలారు, ఇప్పుడు బాగా పెరిగాయి. వెనక కొండల అందంలో మాత్రం టీటన్‌కే నా ఓటు.

టీటన్‌లో మూస్‌కు కనీసం 25 గజాల దూరంలో ఉండాలని నియమం. ఎదకొచ్చిన మగదానికీ, దూడ తల్లికీ అది చాలదు, అంతకు రెట్టింపు పాటించండి. 400 ఎంఎం లెన్స్ ఉంటే దగ్గరికి పోయే పనేమిటి? చెవులు వెనక్కి వాల్చి, మెడ వెంట్రుకలు నిక్కబొడిచిందంటే ఫొటో వదిలేసి కారులోకో, లావుపాటి చెట్టు చాటుకో పరుగెత్తండి.

పిల్లల బడి వల్ల జూన్ తప్పకపోతే, దూడను కారులోంచే తీయండి.